అయిదు చుక్కలు, ఒక పడవ: టేట్ మోడర్న్‌లో యోకో ఓనో ప్రదర్శన

మన వైపు మ్యూజియం అంటే చేతులు వెనక్కి కట్టుకుని నడిచే చోటు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బయటికి వచ్చి గంట కొట్టే బొమ్మ కోసం జనం గడియారం ముందు వరుసలుగా కూర్చుని ఎదురుచూస్తారు, ముసుగు రెబెకా ముందు నిలబడి రాతిలో అంత పల్చని ముసుగు ఎలా చెక్కారా అని ఆశ్చర్యపోతారు, కానీ దేనిమీదా చేయి వేయరు. ఆ అలవాటుతోనే పెరిగిన మా అమ్మ 2024 వేసవిలో విశాఖపట్నం నుంచి లండన్‌లో ఉన్న నా దగ్గరికి వచ్చినప్పుడు, థేమ్స్ నది ఒడ్డున పాత విద్యుత్ కేంద్రాన్ని మార్చి కట్టిన టేట్ మోడర్న్‌కు ఆమెను తీసుకువెళ్లాను. అక్కడ ఆ సంవత్సరం ఫిబ్రవరి 15 నుంచి సెప్టెంబరు 1 వరకు 'మ్యూజిక్ ఆఫ్ ద మైండ్' పేరుతో, జపానులో పుట్టిన కళాకారిణి యోకో ఓనో ప్రదర్శన జరిగింది. 200కు పైగా కృతులున్న ఆ ప్రదర్శనలో చాలా భాగం చూసేవాళ్లు చేయి కలిపితే తప్ప పూర్తికానిది. లండన్ తరువాత అది జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌కు, బెర్లిన్‌కు, 2025లో అమెరికాలోని షికాగోకు కూడా వెళ్లింది. ఆమె పనులు ఏదో ఒక రూపంలో ఏదో ఒక నగరంలో కనబడుతూనే ఉంటాయి కనుక, ఆ నగరాలలో ఉన్న తెలుగువారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ప్రవేశంలోనే కోరికల చెట్లు ఉన్నాయి. కాగితపు చీటీ మీద కోరిక రాసి కొమ్మకు కట్టాలి, అంతే. జపానులో చిన్నతనంలో గుడి ఆవరణలోని చెట్లకు భక్తులు కట్టిన కాగితపు ముడులు తెల్లపూలలాగా కనిపించేవని, ఈ ఆలోచన అక్కడి నుంచే వచ్చిందని ఓనో చెప్పారు. ఈ చెట్టు గురించి మా అమ్మకు నేను ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు. సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకున్న మనిషికి, ఊరి రావిచెట్టుకు వేలాడే ముడుపులను, పిల్లల కోసం కట్టే చిన్న చిన్న ఉయ్యాలలను చూసిన మనిషికి చెట్టుకు కోరిక కట్టడం కొత్త కాదు. ఆమె అడిగింది ఒక్కటే: "తరువాత ఇవన్నీ ఏం చేస్తారమ్మా?" ఐస్‌లాండ్‌లో రేక్యవిక్ దగ్గరి విదే అనే దీవిలో 2007లో తన భర్త, బీటిల్స్ బృందం గాయకుడు జాన్ లెనన్ జ్ఞాపకార్థం ఓనో నిర్మింపజేసిన కాంతిస్తంభం ఉంది. ప్రపంచంలోని ఇలాంటి చెట్ల నుంచి సేకరించిన పది లక్షలకు పైగా చీటీలను, ఓనో వాటిని చదవకుండానే, దానికోసం భద్రపరిచారు. ఈ సంగతి చెప్పాక ఆమె తృప్తిగా తల ఊపి, నాకు కనబడకుండా అటు తిరిగి రాసుకుంది.

లోపలి గదులలో గోడలకు బొమ్మలకంటే ఎక్కువగా చిన్న చిన్న కాగితాలు కనిపిస్తాయి. వాటి మీద టైపు చేసిన రెండు మూడు వాక్యాల సూచనలు ఉంటాయి. 1960ల మొదట్లో ఓనో చేసిన ముఖ్యమైన పని ఇదే: బొమ్మ గీసి ఇవ్వడానికి బదులు, బొమ్మ ఎలా వేయాలో చెప్పే వాక్యాన్ని రాసి, దానినే కళ అని ప్రకటించడం. 1964లో టోక్యోలో 500 ప్రతులుగా ఆమె సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకం నిండా ఉన్నవి ఈ సూచనలే. నేను దీనిని కొంత శ్రమపడి వివరిస్తూ ఉంటే అమ్మ మధ్యలోనే అందుకుంది: "అయితే ముగ్గుల పుస్తకం లాంటిదే కదా." ఆధునిక కళ గురించి నేను చదివిన పొడవైన వ్యాసాలు ఏవీ ఇంత తేటగా చెప్పలేదు. '15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు' అని నోటుపుస్తకంలో రాసి ఉన్న ఒక్క పంక్తి ముగ్గు కాదు, ముగ్గు లేకుండానూ పోలేదు. ఆ పంక్తి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోతుంది, తెల్లవారుజామున ఒక చేయి దానిని నేల మీదికి దించుతుంది, మధ్యాహ్నానికల్లా అడుగుల కింద చెరిగిపోతుంది, మరునాడు మరొక చేతిలో కొంచెం వేరుగా మళ్లీ పుడుతుంది. చెరిగిపోవడం నష్టమని ఎవరూ అనుకోరు. ఓనో పని కూడా సరిగ్గా ఈ తీరునే నడుస్తుంది కనుక, ముగ్గు తెలిసినవారికి ఈ ప్రదర్శనలోకి దారి సులువుగా దొరుకుతుందని నా నమ్మకం.

మేకులు కొట్టే చిత్రం దగ్గర చాలాసేపు ఆగాము. పలక మీద సందర్శకులే ఒక్కొక్కరుగా మేకు దిగగొడతారు. దీని అసలు సూచన 1961 నాటిది. రోజూ పొద్దున ఒక మేకు కొట్టమని, తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకను ఆ మేకుకు చుట్టమని, పలక అంతా మేకులతో నిండినప్పుడు చిత్రం పూర్తయినట్టని అది చెబుతుంది. వెంట్రుక సంగతి చదివి అమ్మ నవ్వింది. మా అమ్మమ్మ రోజూ దువ్వెనలో మిగిలిన జుట్టును ఉండ చుట్టి చూరులో దోపేదట, చిక్కు వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు ఆ ఉండలన్నీ ఇచ్చి గిన్నె తీసుకునేదట. రోజూ రాలే ఒక వెంట్రుకతో కాలాన్ని లెక్కపెట్టవచ్చునని ఒకరికి ఎక్కడో దూరాన తోచింది, ఒకరికి విశాఖలో తోచింది. మ్యూజియంలో మాత్రం ఎవరూ వెంట్రుక చుట్టడం నాకు కనిపించలేదు. అందరూ ఒక మేకు కొట్టి, ఫొటో తీయించుకుని ముందుకు సాగుతున్నారు. నెలల తరబడి రోజుకు ఒక్కటి చొప్పున ఒకే మనిషి చేయవలసిన పనిని ఒకే రోజున వందలమంది చేస్తే అది వేరే చిత్రం అవుతుంది. తక్కువదని అనను. అయితే ఓపిక అనే గుణం అందులోంచి జారిపోయింది.

ఈ చిత్రానికి ఒక కథ ఉంది. 1966 నవంబరులో లండన్‌లోని ఇండికా గ్యాలరీలో ఓనో ప్రదర్శన మొదలయ్యే ముందు లెనన్ వచ్చి మేకు కొడతానని అడిగారు, ఆమె అయిదు షిల్లింగులు ఇమ్మన్నారు, ఆయన ఊహలో అయిదు షిల్లింగులు ఇచ్చి ఊహలోనే మేకు కొడతానన్నారు. వారిద్దరి పరిచయం అక్కడ మొదలైంది. అదే ప్రదర్శనలో ఒక తెల్లని నిచ్చెన ఉండేది. పైకెక్కి, పైకప్పుకు బిగించిన పలకను భూతద్దంతో చూస్తే 'అవును' అనే మాట చిన్న అక్షరాలలో కనిపించేది. ఆ నిచ్చెన టేట్ మోడర్న్‌లోనూ కనిపించింది, కానీ ఎక్కనివ్వలేదు. దాదాపు అరవై ఏళ్ల నాటి వస్తువును కాపాడుకోవాలి కనుక అది న్యాయమే. అయినా, ఎక్కడం కోసమే పుట్టిన వస్తువును కింద నిలబడి చూడడం నాకు బాధ కలిగించింది. ఎక్కే శ్రమ, కాళ్ల వణుకు, పైన దొరికే ఆ ఒక్క మాట కలిసి ఒక కృతి. మిగిలినది దాని జ్ఞాపకచిహ్నం మాత్రమే.

తెల్ల చదరంగం బల్లల దగ్గర నేను ఒక అపరిచితురాలితో ఆడాను. రెండు పక్షాల పావులూ తెల్లవే, గళ్లూ తెల్లవే. మీ పావులు ఏవో మీకు గుర్తున్నంతసేపు ఆట సాగుతుంది. పది పన్నెండు ఎత్తుల వరకు ఇద్దరమూ పట్టుదలగా ఉన్నాము. ఆ తరువాత ఆమె గుర్రాన్ని నేను జరిపానో, నా గుర్రాన్ని ఆమె చంపిందో తేలలేదు, ఇద్దరమూ కలిసి బల్లను పరిశీలించడం మొదలుపెట్టాము. ప్రత్యర్థులు సాక్షులైపోయే ఆ క్షణం కోసమే ఈ కృతి 1966లో తయారైందని, వివరణ పలక చదవకుండానే, ఆడిన ప్రతివారికీ అర్థమవుతుంది. నల్లని సంచిలోకి దూరి కదిలే కృతిని నేను ప్రయత్నించాను, అమ్మ వద్దంది. లోపలి నుంచి బయటివాళ్లు మసకగా కనిపిస్తారు, బయటివారికి మాత్రం నా వయసు, రంగు, ఆడో మగో ఏమీ తెలియదు. రైలులోనూ ఆఫీసులోనూ ముందు నా ముఖాన్ని చూసి తరువాత నా మాట వినే ఊరిలో, రెండు నిమిషాలపాటు ముఖం లేకుండా ఉండడం ఇంత విశ్రాంతిగా ఉంటుందని ఊహించలేదు. సందర్శకులు తమ నీడలను కలిపే గది పిల్లలకు బాగా నచ్చుతుంది. లెనన్‌తో కలిసి చేసిన శాంతి ప్రచారం, పాటలు, చలనచిత్రాలు ఉన్న భాగం మాత్రం నాకు తేలికగా అనిపించింది. ఆ కీర్తి అందరికీ తెలిసినదే కనుక అక్కడ జనం ఎక్కువ, చేయడానికి పని తక్కువ.

'కట్ పీస్' చలనచిత్రం ముందు మాత్రం తప్పక ఆగండి. ఓనో 1964లో క్యోటోలో మొదటిసారి ఈ కృతిని ప్రదర్శించారు. వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుంటారు, ఎదురుగా కత్తెర ఉంటుంది. సభలో ఎవరైనా వచ్చి ఆమె బట్టలో ఒక ముక్క కత్తిరించి తీసుకుపోవచ్చు. 1965 మార్చిలో న్యూయార్కులోని కార్నెగీ రిసైటల్ హాలులో జరిగినదానిని డాక్యుమెంటరీ చిత్రాలు తీసే మేజల్స్ సోదరులు చిత్రీకరించారు. మొదట వచ్చినవారు అంచునో చేతి చివరనో చిన్న ముక్క కత్తిరించి సిగ్గుపడుతూ వెళతారు. పోనుపోను ధైర్యం పెరుగుతుంది. చివరికి ఒక యువకుడు ఆమె లోదుస్తుల పట్టీలను కూడా కత్తిరిస్తాడు, ఆమె రెండు చేతులతో గుండెలను కప్పుకుంటుంది. మా అమ్మ రెండుసార్లు చూసింది, చూశాక అంది: "నిండు సభలో ఒక్కరూ లేవలేదా?" ఆ ప్రశ్న మన భాషలో ఎంత పాతదో చెప్పనక్కరలేదు. ఇక్కడ తేడా ఏమిటంటే కత్తెరను అందించినది ఆమే, సభను పరీక్షకు పెట్టినదీ ఆమే. 2003లో, 70 ఏళ్ల వయసులో, పారిస్‌లో మళ్లీ అదే కృతితో కూర్చున్నారు.

ఈ చిత్రం చూశాక నాకు ఒక కొలమానం దొరికింది. సందర్శకులను రమ్మని పిలిచే కళ ఇప్పుడు ప్రతి పెద్ద మ్యూజియంలోనూ ఉంది. రమ్మని పిలవడం గొప్ప కాదు, పిలిచి ఏమి అడుగుతున్నారన్నది చూడాలి. కొన్నేళ్ల క్రితం వేరొక ఊరిలో, పేరు చెప్పనవసరంలేని ఒక మ్యూజియంలో, పాల్గొనే కళ అని రాసి ఉన్న గదిలోకి వెళితే ముందు తెరను తాకమన్నారు, తరువాత ఫోన్ నంబరు, ఈమెయిలు అడిగారు. ఇచ్చాక గోడ మీద నా పేరు మూడు రంగులలో మెరిసి మాయమైంది. ఆ గదికి నా చేయి అవసరం లేదు, నా వివరాలు మాత్రమే అవసరం. ఓనో పనులు అందుకు విరుద్ధమైనవి. ఒక మేకు దెబ్బ, ఒక జ్ఞాపకం, కొంచెం ఓర్పు, కొంచెం సిగ్గు, మన దగ్గర నిజంగా ఉన్నవే అడుగుతాయి. అవి ఇవ్వకపోతే ఎదురుగా మిగిలేది ఖాళీ పలక మాత్రమే. ఈ కొలమానంతో చూస్తే ప్రదర్శనలో అన్నిటికంటే గొప్ప గది పడవ ఉన్నది.

దాని ఆలోచన 1960 నాటిది, పడవ రూపం 2016లో వచ్చింది. మధ్యధరా సముద్రంలో చిన్న చిన్న పడవలలో ప్రాణాలు పోగొట్టుకున్న కాందిశీకుల వార్తలు ఐరోపాను కుదిపేసిన కాలమది. మొదటి రోజున గది అంతా తెలుపు: గోడలు, నేల, మధ్యలో పడవ. వచ్చినవారు నీలిరంగుతో తమకు తోచినది రాయాలి. మేము వెళ్లేసరికి ప్రదర్శన మొదలై మూడు నెలలు దాటింది. గోడలు మనిషి ఎత్తు దాకా ముదురు నీలమైపోయి, అక్షరాల మీద అక్షరాలు, వాటి మీద మళ్లీ అక్షరాలు పడి, దూరం నుంచి చూస్తే నీరు కదులుతున్నట్టే ఉంది. దగ్గరికి వెళితే శాంతి కోరే మాటలు, దేశాల పేర్లు, ప్రేమికుల పేర్లు, గుండె బొమ్మలు, పిల్లల చేపలు, ఫుట్‌బాల్ జట్టు పేరు కూడా కనిపించాయి. కొందరు సందర్శకులు దీనిని తప్పుపట్టడం విన్నాను: ఇంత దుఃఖం మీద ఇలాంటి పిచ్చిగీతలా అని. నాకు మొదట అలాగే అనిపించింది. కాసేపు కూర్చున్నాక అభిప్రాయం మారింది. ఒక్కొక్కరు తమ మాట కనబడాలనే రాశారు, ఆ రాతలే అన్నీ కలిసి మొదట రాసినవారి మాటలను ముంచేశాయి. పడవ అంచు ఎక్కడ ముగుస్తుందో, నేల ఎక్కడ మొదలవుతుందో తెలియని స్థితి వచ్చింది. ఎవరూ ముంచాలని అనుకోకుండానే పడవ మునిగింది. వార్తాపత్రికలో చదివినప్పుడు ఈ సంగతి నాకు ఇలా తగలలేదు, ఎందుకంటే అక్కడ నా చేతిలో పెన్ను లేదు.

నేను ఏమి రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా అమ్మ నేల మీద కూర్చుంది. గుమ్మానికి దగ్గరగా, అరచేయి మేర ఇంకా తెల్లగా మిగిలిన చోటు వెతుక్కుని, చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. అయిదు చుక్కలు, సందు చుక్క, మూడు వరకు. ముగ్గుపిండితో పడే వేళ్లకు పెన్ను అలవాటు కాక గీత రెండుచోట్ల వంకర పోయింది. పక్కనే ఉన్న ఏడెనిమిదేళ్ల పాప రాయడం ఆపి చూసింది, తరువాత తానూ నాలుగు చుక్కలు పెట్టి కలిపింది, లెక్క తప్పింది, అమ్మ ఆ పాప వేలు పట్టుకుని ఎలా తిప్పాలో చూపించింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. మేము మిగిలిన గదులు చూసి, అరగంట తరువాత అమ్మ కోరిక మీద మళ్లీ అక్కడికి వెళ్లాము. ముగ్గు మీద ఎవరిదో బూటు జాడ ఉంది, ఒక మూల ఎవరో తమ పేరు రాసుకున్నారు. "గుమ్మంలో వేసింది తొక్కకుండా ఎలా పోతారు" అని అమ్మ నింపాదిగా అంది.

తలకిందులుగా వేలాడదీసిన సైనికుల హెల్మెట్లలో నీలాకాశం ముక్కలు ఉన్నాయి, అట్టతో కోసిన జిగ్‌సా ముక్కలు. ఒక్కొక్కరు ఒకటి తీసుకుపోవచ్చు, అందరూ మళ్లీ కలిసినప్పుడు ఆకాశం పూర్తవుతుందన్నది భావన. ఈ ఆకాశం ఎక్కడిదో తెలిస్తే ముక్క బరువు పెరుగుతుంది. బ్యాంకు అధికారి ఇంట 1933లో పుట్టిన ఓనో, 1945లో టోక్యో మీద అగ్నిబాంబులు కురిసినప్పుడు 12 ఏళ్ల పిల్ల. కుటుంబం పల్లెకు తరలిపోయింది, తిండి దొరకలేదు. ఆకలితో ఉన్న తమ్ముడితో కలిసి వెల్లకిలా పడుకుని, ఆకాశంలోకి చూస్తూ, ఊహలో భోజనాల పట్టిక తయారుచేసుకునేదట. బహుశా అదే తన మొదటి కళాకృతి అని తరువాతి కాలంలో ఆమె అన్నారు. సూచన చాలు, వస్తువు అక్కరలేదనే ఆమె సిద్ధాంతం వెనుక ఆ ఖాళీ కంచం ఉందని తెలిశాక, గోడ మీది చిన్న కాగితాలను ఎగతాళి చేయడం కష్టం.

ఇలాంటి ప్రదర్శన మరోచోట చూడదలచినవారికి కొన్ని మాటలు. టేట్ మోడర్న్ శాశ్వత సేకరణ చూడడానికి డబ్బు కట్టనక్కరలేదు, ఈ ప్రదర్శనకు మాత్రం టికెట్టు ఉండేది. మూడు గంటలు తీరికగా గడిపితే ఆ డబ్బుకు తగినది దక్కుతుంది, గంటలో తిరిగి వచ్చేస్తే దక్కదు. పనిరోజు పొద్దున్నే వెళ్లడం మంచిది, ఎందుకంటే ఇక్కడ ముందున్నవారు చూసి కదలడం కాదు, చేసి కదలాలి. కింద కూర్చోగలిగే బట్టలు వేసుకోండి. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి, కట్ పీస్ దగ్గర మాత్రం ముందు మీరు చూసి నిర్ణయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మీ అమ్మగారి ఫొటో ఒకటి వెంట పెట్టుకోండి.

ఎందుకంటే టేట్ ప్రదర్శన చివరలో 15 మీటర్ల పొడవున కాన్వాసుల గోడ ఉండేది. 'మా అమ్మ అందమైనది' అనే అర్థం వచ్చే పేరుతో 2004 నుంచి సాగుతున్న కృతి ఇది. సందర్శకులు తమ తల్లి ఫొటో అంటించవచ్చు, లేదా ఆమె గురించి కాగితం మీద రాసి అతికించవచ్చు. ఒకదాని మీద ఒకటి వేల కాగితాలు, ఎన్నో లిపులు. పొగడ్తలే కాదు, నిన్ను క్షమించలేదు అని రాసినవి కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ తీసివేయలేదు. ఈ గోడ ముందు జనం మాట్లాడడం మానేస్తారు. నేను మా అమ్మ పక్కనే నిలబడి మా అమ్మ గురించి రాయవలసి వచ్చింది. ఆమె చదువుతుందేమోనన్న బెరుకుతో రెండు కాగితాలు పాడుచేసి, మూడోదాన్ని మడిచి అంటించాను.

మా అమ్మమ్మ ఓనో కంటే ఒక ఏడాది చిన్నది. రంగూన్‌లో పుట్టి, జపాను బాంబులకు ఆ ఊరు ఖాళీ అయినప్పుడు, 1942లో ఎనిమిదేళ్ల వయసులో తండ్రి చేయి పట్టుకుని అడవులగుండా నడిచి ఈవలికి వచ్చిన వేలాదిమంది తెలుగువారిలో ఒకతె. ఆమెకున్న ఒక్క ఫొటో ఇంట్లో దండ వేసి గోడకు ఉంది. అమ్మ దగ్గర నకలు లేదు. ఫోన్‌లో వెతుకుదామన్నాను, వద్దంది. పెన్ను తీసుకుని, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో, నిలబడే రాసింది, నన్ను చూడనిచ్చింది. "మా అమ్మకు ఓడలో చోటు దొరకలేదు. నడిచి వచ్చింది." కింద పేరు, ఊరు. అంటించడానికి చేతికి అందే ఎత్తులో ఖాళీ లేదు, అప్పటికే ఉన్న ఏ కాగితాన్నీ కప్పడం ఆమెకు ఇష్టం లేదు. చివరికి గోడ అడుగున, చైనా అక్షరాలున్న ఒక కాగితం పక్కన చోటు చూసుకుని, వంగి అతికించి, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కింది.